ఋణమా, అప్పా? – వైద్యవిద్య, సేవానిబంధన: ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

'అప్పు', 'ఋణం' అనే మాటలు వ్యవహారంలో పర్యాయపదాలుగా వినిపించినా వాటి అర్థపరిధి ఒకటి కాదు. సొమ్ము చెల్లించి పత్రం చింపివేస్తే అప్పు తీరుతుంది. ఇచ్చినవానికీ పుచ్చుకున్నవానికీ మధ్య మరే సంబంధమూ మిగలదు. 'తల్లి ఋణం', 'ఊరి ఋణం' అన్నచోట అప్పు అనే మాట పొసగదు. 'ఋణానుబంధం' అనే సమాసం ఈ భేదాన్నే సూచిస్తుంది. ప్రభుత్వ వ్యయంతో వైద్యం చదివినవారు నిర్ణీతకాలం గ్రామాల్లో పనిచేయాలనే నిబంధనపై జరుగుతున్న వివాదానికి మూలం, అది ఈ రెండింటిలో దేనికి చెందుతుందో తేల్చుకోకపోవడమే. ఆ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిబంధన స్వరూపం

అమెరికాలో నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ 1987 నుండి వైద్యుల విద్యారుణాలను తీర్చే పథకాన్ని నిర్వహిస్తోంది. వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో కనీసం రెండేళ్లు పనిచేయడానికి అంగీకరించినవారికి అది వర్తిస్తుంది. మనదేశంలో పద్ధతి వేరు. ప్రభుత్వ కళాశాలలో విద్యార్థి చెల్లించే రుసుము తక్కువ, ప్రభుత్వం భరించే వ్యయం ఎక్కువ. ఆ వ్యత్యాసానికి ప్రతిగా అనేక రాష్ట్రాలు బాండు రాయించుకుంటున్నాయి: సేవ చేయాలి, లేదా నిర్ణీత సొమ్ము చెల్లించాలి. ఏడాది సేవను తప్పనిసరి చేయడాన్ని వ్యతిరేకిస్తూ 2014లో తెలంగాణలో జూనియర్ డాక్టర్లు సమ్మె చేశారు. సూపర్ స్పెషాలిటీ విద్యార్థులు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 ఆగస్టు 19న ఇటువంటి బాండ్లు చెల్లుతాయని తీర్పునిచ్చింది. అయితే చెల్లుబాటు చట్టానికి సంబంధించిన ప్రశ్న. న్యాయమా కాదా అన్నది వేరొక ప్రశ్న.

ఆ ప్రశ్న నిమ్మనపల్లె వంటి చోట స్పష్టమవుతుంది. మదనపల్లెకు చేరువలోని ఈ మండలంలో టమాటా పండించే రైతుకైనా కోతకు వెళ్లే కూలీకైనా జ్వరం వస్తే అందుబాటులో ఉండవలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. జబ్బు ముదిరితే మదనపల్లె. అక్కడా కాకపోతే తిరుపతి, వేలూరు, బెంగళూరు. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక కేంద్రం ఉండాలని జాతీయ ప్రమాణం. అక్కడ వైద్యుని కుర్చీ ఖాళీగా ఉంటే పేదవానికి ఆ దూరం మొదటి రోజునుండే మొదలవుతుంది.

సంప్రదాయంలో ఋణభావన

తైత్తిరీయ సంహిత బ్రాహ్మణునికి పుట్టుకతోనే మూడు ఋణాలున్నాయని చెబుతుంది. ఋషిఋణం బ్రహ్మచర్యంతో, దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో తీరుతాయి. ఒక్కొక్క ఋణానికి ఒక్కొక్క తీరు ఉన్నది. వాటిలో ఏదీ ధనంతో తీరేది కాదన్నది ఇక్కడ గమనార్హం.

రఘువంశం పంచమ సర్గలోని కౌత్సుని కథ ఈ విషయాన్ని మరింత విశదం చేస్తుంది. విద్య ముగిసిన కౌత్సుడు గురుదక్షిణ అడగమంటే వరతంతువు అతని సేవనే దక్షిణగా స్వీకరించాడు. శిష్యుడు పట్టుబట్టగా కోపించి, విద్యకొక కోటి చొప్పున పదునాలుగు కోట్లు తెమ్మన్నాడు. ఈ కథలో సేవ సహజమైన చెల్లింపు, సొమ్ము ఆగ్రహఫలం. నేటి బాండు ఈ రెండింటినీ సమానమైన ప్రత్యామ్నాయాలుగా నిలబెట్టి, ఏది కావాలో ఎంచుకొమ్మంటున్నది. ఆ క్షణంలోనే ఋణం అప్పుగా మారిపోతున్నది.

వెట్టి అనే ఆక్షేపణ

తప్పనిసరి సేవ వెట్టిచాకిరీ అన్నది ప్రధానమైన ఆక్షేపణ. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అయితే అదే అధికరణంలోని రెండవ ఖండం ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించే అధికారాన్ని రాజ్యానికి మిగిల్చి, మతం, జాతి, కులం, వర్గం అనే కారణాలతో మాత్రమే వివక్ష చూపరాదని షరతు పెట్టింది. సొమ్ము చెల్లించి తప్పుకునే వీలున్న బాండును ఈ షరతు వెలుగులో చూడాలి. ధనికుని కుమారుడు లక్షలు కట్టి వెళ్లిపోతాడు. రైతుకూలీ కుమార్తె కట్టలేక గ్రామానికి వెళుతుంది. అక్షరంలో వివక్ష లేదు, ఫలితంలో ఉన్నది. కాబట్టి వెట్టి అనే ఆక్షేపణకు బలం చేకూర్చేది సేవ కాదు, సేవ నుండి కొందరికి మాత్రమే దొరికే విడుదల.

ఋణదాత ఎవరు?

ఖజానాయే ఋణదాత అనుకుంటే మరొక చిక్కు వస్తుంది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కొన్ని సీట్లకు ఏడాదికి 12 లక్షలు, ప్రవాస భారతీయుల కోటాలో 20 లక్షల రూపాయల రుసుము నిర్ణయించారు. అంత చెల్లించినవారు ఎవరికి ఋణపడి ఉన్నారు?

దీనికి సమాధానం బోధనాసుపత్రి వార్డులో ఉన్నది. కడుపునొప్పితో మంచం పట్టిన రోగి ఒకే పూట పదిమంది విద్యార్థులు తన పొట్ట నొక్కి చూడటానికి ఒప్పుకుంటాడు. మొదటిసారి సూది గుచ్చే చేతి వణుకును భరిస్తాడు. ఏ రుసుములోనూ దీని విలువ చేరలేదు. వేరే దిక్కులేక ఆ ఆసుపత్రికి వచ్చే పేదరోగులు అధికంగా పల్లెలవారే. ప్రభుత్వ కళాశాలలో చదివినా, కుప్పంలో ఉన్నటువంటి ప్రైవేటు కళాశాలలో చదివినా ఈ ఋణం సమానం. అసలు ఋణదాత రోగి.

హరిశ్చంద్ర నాటకాలు చూసిన తెలుగువారికి నక్షత్రకుడు సుపరిచితుడు. అతడు అప్పు వసూలుకు వచ్చినవాడే తప్ప అప్పిచ్చినవాడు కాడు. సేవానిబంధన విషయంలో ప్రభుత్వ స్థానం కూడా ఇదే. రావలసినది రోగికి, వసూలు చేసేది ప్రభుత్వం. రోగికి రావలసిన సేవకు బదులు సొమ్ము తీసుకొని ఋణవిమోచన పత్రం ఇచ్చే అధికారం నక్షత్రకునికి లేదు.

జె-1 వీసాపై అమెరికాలో శిక్షణ పొందిన వైద్యులు సాధారణంగా రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. 1994లో వచ్చిన కాన్రాడ్ పథకం ప్రకారం అక్కడి కొరత ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ నిబంధన తొలగుతుంది. ఈ మార్గంలో స్థిరపడిన తెలుగు వైద్యులున్నారు. వారి సేవ నిజమైనదే, ఆ రోగులూ అవసరంలో ఉన్నవారే. కానీ ఇక్కడి రోగి శరీరంపై నేర్చిన విద్యకు ప్రతిఫలం వేరొక పల్లెకు అందుతున్నది. సేవను తప్పించుకోవడం కన్నా ఇది ఉత్తమం. ఋణం తీరడం మాత్రం కాదు.

వసూలు చేసేవాని ధర్మం

ఋణదాత రోగి అయినప్పుడు ప్రభుత్వానికీ బాధ్యతలు ఏర్పడతాయి. మందులు, పరీక్షలు, వసతిగృహం, అనుభవజ్ఞుని సలహా లేనిచోటికి అప్పుడే పట్టా పుచ్చుకున్నవారిని ఒంటరిగా పంపితే, ఋణం తీర్చే పేరుతో రోగికి కొత్త నష్టం కలుగుతుంది. జూనియర్ డాక్టర్ల అభ్యంతరంలో ఈ భాగం న్యాయమైనదని అంగీకరించాలి.

చిత్తూరు సీమవాసులు తరచు ఆశ్రయించే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఇందుకొక నమూనా. అక్కడ స్వల్ప రుసుముతో ఎం.బి.బి.ఎస్. చదివే ప్రాయోజిత విద్యార్థులు తరువాత రెండేళ్లు తమను పంపిన సంస్థ పరిధిలోని ఆసుపత్రుల్లో పనిచేయాలి. ఎవరికి, ఎక్కడ ఋణపడి ఉన్నారో చేరేనాటికే వారికి తెలుసు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసినవారికి పి.జి. సీట్లలో ఇచ్చే ఇన్-సర్వీస్ కోటాలో సేవ ముందు, చదువు తరువాత. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ కోటాను కుదించినప్పుడు వైద్యులు ఆందోళనకు దిగడం సహజం. సేవకు ప్రతిగా ఇస్తామన్న దానిని తగ్గించే ప్రభుత్వం, ప్రతిసేవను కోరే నైతికబలాన్ని కూడా తగ్గించుకుంటుంది.

ముగింపు

పై పరిశీలనను బట్టి, వైద్యుని సేవానిబంధన అప్పు కాదు, ఋణం. అందువల్ల సొమ్ముతో విడుదల ఉండరాదు. రుసుము ఎంత చెల్లించినా అందరికీ అది సమానంగా వర్తించాలి. కాలం పరిమితంగా, పని చేయగల పరిస్థితులతో ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా వెట్టి అనే ఆక్షేపణకు ప్రభుత్వం వద్ద సమాధానం ఉండదు. మూడూ నెరవేరిన తరువాత కూడా వెళ్లనన్న వైద్యుడు సమాధానం చెప్పవలసింది ప్రభుత్వానికి కాదు. చదువుకునే రోజుల్లో తన వణికే చేతికి చెయ్యి చాపిన రోగికి.