చేతికందిన వేట

దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా 94వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులకు ఒక విచిత్రమైన పరీక్ష గురించి తెలియజేశాడు. అది ఆకలి పరీక్ష కాదు, భయం పరీక్షా కాదు. వేట జంతువులు మీ చేతులకు, మీ బల్లేలకు అందేంత దగ్గరగా వస్తాయని, కంటికి కనబడకుండానే తనకు భయపడేవారెవరో అప్పుడు తేలుతుందని దాని భావం. హుదైబియా ప్రయాణంలో సహాబాలు ఇహ్రామ్ స్థితిలో ఉండగా అడవి జంతువులు, పక్షులు వారి విడిది దగ్గరకే వచ్చేవని వ్యాఖ్యాతలు రాశారు. చెయ్యి చాపితే దొరుకుతుంది. కాని చాపకూడదు.

మేము మదరసాలో హజ్ అధ్యాయం చదివేటప్పుడు ఇలాంటి వేటకు చెల్లించవలసిన పరిహారాల మసాయిల్ కంఠస్థం చేశాం. ఇహ్రామ్‌లో ఉన్నవాడు ఉష్ట్రపక్షిని చంపితే ఒంటె ఇవ్వాలి, ‘బఖరుల్ వహష్’ను చంపితే ఆవునివ్వాలి. బఖరుల్ వహష్ అంటే ఏమిటని అడిగితే ‘జంగ్లీ గాయ్’ అన్నారు ఉస్తాద్. మేము అడవిదున్న కాబోలనుకొని పరీక్ష రాసి గట్టెక్కాం. అరబ్బులు ఆ పేరుతో పిలిచింది, ‘మహా’ అని కూడా పిలిచింది, తెల్లని ఒంటితో, పొడవాటి నిటారు కొమ్ములతో ఎడారిలో తిరిగే ఓరిక్స్‌నని చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. గల్ఫ్‌కు వెళ్ళొచ్చిన మన సోదరులకు ఇది కొత్త బొమ్మేమీ కాదు. ఖతర్ విమానాల తోకపై ఉండేది దీని తలే.

ఈ జంతువు విషయం ఇప్పుడెందుకు ఎత్తామంటే, జగిత్యాల వైపు సోదరుడొకరు సెలవుపై వచ్చినప్పుడు మా దగ్గరికొచ్చి ఒక ప్రశ్న అడిగాడు. ఒక గల్ఫ్ దేశంలో డ్రైవరు పని. యజమాని కొన్ని రాత్రులు స్నేహితులతో కలిసి ఎడారిలోకి బండి తీయిస్తాడు. లైట్ల వెలుగులో జింకల వెంట పడతారు, తుపాకులు పేలుస్తారు. కొన్నింటిని తెచ్చుకుంటారు, కొన్నింటిని అక్కడే వదిలేస్తారు. “నేను స్టీరింగ్ తప్ప ఏదీ ముట్టుకోను మౌలానా. ఆ మాంసం హలాలే కదా. నాకేమైనా పాపముందా?” అన్నాడు.

వేట మాంసం హలాలే, అందులో సందేహం లేదు. అయినా వెంటనే ఫత్వా చెప్పలేదు. ముందు ఓరిక్స్ గాథ చెప్పాం.

ఒంటె మీద తిరిగి వేటాడిన కాలంలో ఓరిక్స్‌ను పడగొట్టడం గొప్ప. దాని స్వభావమే దాన్ని కాపాడింది. నీటిచుక్క లేకుండా చాలాకాలం గడపగలదు. పచ్చి మొక్కల్లోని తేమ, మంచు పడ్డ ఆకుల తడి దానికి చాలు. వేసవి పగటివేళ చెట్టు నీడన గుంట చేసుకొని పడుకుంటుంది. దాని శరీర ఉష్ణోగ్రత పగలు పెరుగుతూ పోయి రాత్రి చల్లబడుతుంది. ఈ తేడా వేసవిలో సగటున నాలుగు డిగ్రీల వరకూ ఉంటుందని సౌదీలో శాస్త్రవేత్తలు కొలిచారు. మనకైతే అది జ్వరం! దానికి మాత్రం చెమటను పొదుపు చేసుకునే మార్గం. మరో విషయం మాకు బాగా నచ్చింది. మందలో కొట్లాట తక్కువ, ఒకే చెట్టు నీడను పంచుకుంటాయి. పశుపక్ష్యాదులు కూడా మీలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరాలో అల్లాహ్ తెలిపిన మాట ఇక్కడ గుర్తుకొస్తుంది.

మోటారు బండి, ఆటోమేటిక్ తుపాకీ వచ్చాక ఈ సుగుణాలేవీ పనికిరాలేదు. మైదానంలో తెల్లగా మెరిసే జంతువును దాచేదెవరు? వేట మళ్ళీ చేతికందే దూరానికి వచ్చింది. ఈసారి మనవాళ్ళు చెయ్యి చాపారు. నమాజు, ఉపవాసం పాటించేవారే చాపారు. ఈ మాట రాయడానికి మాకు కష్టంగానే ఉంది. 1972లో ఒమాన్‌లోని జిద్దతుల్ హరాసీస్ మైదానంలో చివరి గుంపు పోవడంతో అడవిలో ఒక్క ఓరిక్స్ కూడా మిగల్లేదు.

అంతకు పదేళ్ళ ముందే, 1962లో, బ్రిటన్‌కు చెందిన ఒక జంతుసంరక్షణ సంఘం ఏడెన్ ప్రాంతపు ఎడారిలో నాలుగింటిని పట్టించింది. ఒకటి చనిపోయింది. మిగిలిన మూడింటికి లండన్ జూ ఒకటి, కువైట్ పాలకుడు ఒకటి, సౌదీ రాజు సవూద్ నాలుగు కలిపారు. మొత్తం తొమ్మిది. ఎండ సరిపోతుందని అమెరికాలోని ఫీనిక్స్ నగరపు జూలో వాటిని పెంచారు. అరబ్బుల జంతువు అరిజోనాలో ప్రాణం నిలుపుకుంది.

పిల్లలు పుట్టాయి, మంద పెరిగింది. కాని పునాది అంత చిన్నదైతే దగ్గరి రక్తసంబంధాలు కలుస్తూ పోతాయి. అరబ్బులు మేలుజాతి గుర్రాలకు నసబ్‌నామా రాసుకున్నట్టే, ఏ ఓరిక్స్‌కు తల్లి ఏది, తండ్రి ఏది అని పుస్తకం పెట్టి జతలు కుదిర్చారు. ఒమాన్‌లో వదిలిన మంద జన్యువుల్ని పరిశీలించిన మార్షల్, స్పాల్టన్ అనే పరిశోధకులు 2000లో తమ ఫలితాలు ప్రచురించారు. తల్లిదండ్రులు బాగా దగ్గరివైతే దూడలు బతకడం తగ్గింది. మరీ దూరపు వంశాల్ని కలిపినా కొంత నష్టం కనబడింది. ఒక జాతిని తొమ్మిదికి దించేశాక మళ్ళీ వేలకు పెంచినా, పోయిన వైవిధ్యం తిరిగి రాదు. డబ్బుతో కొనేది కాదది.

1982 జనవరిలో సుల్తాన్ ఖాబూస్ చొరవతో పది ఓరిక్స్‌లను అదే మైదానంలో విడిచిపెట్టారు. ముందుగా ఆవరణలో కలిపి ఉంచి, ఒక మందగా అలవాటు పడ్డాకే గేటు తెరిచారు. కాపలాకు అక్కడి హరాసీస్ తెగవారినే నియమించారు. 1996 నాటికి నాలుగు వందలు దాటాయి. సరిగ్గా ఆ ఏడాదే దొంగవేట మళ్ళీ మొదలైంది. ఈసారి మాంసం కోసం కాదు. ధనవంతుల తోటల్లో పెంచడానికి ఆడవాటిని, దూడల్ని ప్రాణాలతో పట్టుకుపోయారు. 2007 నాటికి అరవై అయిదు మిగిలాయి. ప్రభుత్వం చమురు అన్వేషణ కోసం ఆ అభయారణ్యాన్ని తొంభై శాతం కుదించింది. అదే ఏడాది యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. జాబితాలోంచి పూర్తిగా తొలగింపబడ్డ మొట్టమొదటి స్థలం అదే.

సౌదీ, ఇతర దేశాల్లో విడిచినవి నిలదొక్కుకున్నందువల్ల 2011లో ఈ జాతి ప్రమాదస్థాయిని ఒక మెట్టు తగ్గించారు. అల్హమ్దులిల్లాహ్.

ఇక డ్రైవరు సోదరుని ప్రశ్న. హుదైబియా ప్రయాణంలోనే హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఇహ్రామ్‌లో లేరు, తోటివారు ఉన్నారు. అడవి గాడిద కనబడింది. ఆయన గుర్రమెక్కాక చేతిలోని కొరడా జారిపడితే అందించమన్నారు. తోటివారు అందించలేదు. వేటలో మేం సాయపడబోమన్నారు. తర్వాత దైవప్రవక్త (స) దగ్గరకొచ్చినప్పుడు, మీలో ఎవరైనా ఆయన్ని పురికొల్పారా, జంతువు వైపు సైగ చేశారా అని విచారించి, లేదన్నాకే తినడానికి అనుమతించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉందీ హదీసు.

“కొరడా అందించడానికే వాళ్ళు వెనకాడారు భాయీ. నువ్వు బండే నడుపుతున్నావు” అన్నాం.

“నేను ఇహ్రామ్‌లో లేను కదా మౌలానా?”

నిజమే, ఆ ఆదేశం ఇహ్రామ్‌కు సంబంధించినదే. కాని పాపకార్యంలో ఒకరికొకరు తోడ్పడవద్దన్న ఆదేశం అదే మాయిదా సూరా 2వ ఆయతులో, వేట ప్రస్తావన పక్కనే ఉంది. ఇక ఈ వేట పాపమెలా అయిందంటారా? ప్రజల మేలు కోరి పాలకుడు నిషేధించినదాన్ని చాటుగా చేయడం ఒకటి. తినకుండా పారేయడం రెండోది. ప్రాణమున్న దాన్ని గురిపెట్టే ఆటవస్తువుగా చేసుకునేవాణ్ణి దైవప్రవక్త (స) శపించారు, అది మూడోది. మా దృష్టిలో ఈ మూడూ కలిసిన చోట స్టీరింగ్ పట్టినవాడు కూడా భాగస్వామే.

అతను చాలాసేపు మాట్లాడలేదు. వీసా అప్పు ఇంకా తీరలేదట, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళున్నాయట. నౌకరీ మానెయ్యమని అతనికి చెప్పే ధైర్యం మాకు లేదు. రాత్రి డ్యూటీ తప్పించమని అడిగి చూడు, మర్యాదగా అడుగు, దుఆ చెయ్యి అన్నాం.

రెండు నెలల తర్వాత ఫోన్ చేశాడు. రాత్రిపూట చూపు సరిగా ఆనడం లేదని చెప్పాడట. యజమాని నమ్మి, పిల్లల్ని బడికి దింపే పని ఇచ్చాడట. “అబద్ధం చెప్పాను మౌలానా. దీనికి కఫ్ఫారా ఏమిటి?” అని అడిగాడు. తౌబా చేసుకోమన్నాం. ఒకసారి కళ్ళ డాక్టరుకు చూపించుకోమని కూడా అన్నాం.