ముఖం లేని డ్రైవరు

మనిషిని చూడకుండానే అతనికి భయపడటం సాధ్యమే. అది అందరికీ అనుభవమే. కాని మనిషిని చూడకుండానే అతనిమీద తీర్పు చెప్పటం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. భయానికీ తీర్పుకూ మధ్య ఉన్న దూరాన్ని మనం రోడ్డుమీద ఎంత సులువుగా దాటిపోతున్నామో పరిశీలించటానికి ఒక అమెరికన్ సినిమా పనికివస్తుంది. దాని పేరు ‘డ్యూయెల్’. 1971 నవంబరులో అది మొదట అక్కడి టెలివిజనులో వచ్చింది. తీసినవాడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. అప్పటికతని వయస్సు 24 ఏళ్ళు. కథా, చిత్రరచనా రిచర్డ్ మాథెసన్‌వి. తరువాత కొన్ని దృశ్యాలు చేర్చి, 74 నిమిషాల చిత్రాన్ని 90 నిమిషాలకు పెంచి, ఇతర దేశాల సినిమాహాళ్ళలో ప్రదర్శించారు.

కథ చెప్పటానికి నాలుగు మాటలు చాలు. డేవిడ్ మాన్ అనే సేల్స్‌మన్ ఎర్రకారులో పనిమీద దూరం పోతూ, కాలిఫోర్నియాలోని నిర్మానుష్యమైన రోడ్డుమీద, పొగ కక్కుతూ మెల్లగా పోతున్న ఒక పాత ట్యాంకరు లారీని దాటాడు. అంతటితో ఆ లారీ అతన్ని పట్టుకున్నది. వెంబడించింది, గుద్దింది, రైలు కిందికి తోయబోయింది. చివరకు కొండ అంచున మాన్ తన కారును లారీకి ఎదురుగా వదిలి తాను దూకేశాడు. కారూ లారీ కలిసి లోయలో పడ్డాయి. ఇంతసేపట్లో లారీ డ్రైవరు ముఖం మనకు ఒక్కసారి కూడా సరిగా కనిపించదు. చెయ్యి కనిపిస్తుంది, బూట్లు కనిపిస్తాయి. అతను ఎందుకిట్లా చేస్తున్నాడో సినిమా చెప్పదు.

మన తెలుగువాడైన రాంగోపాల్ వర్మ నిర్మించిన హిందీ చిత్రం ‘రోడ్’ (2002) లో కూడా దారిలో కారెక్కిన అపరిచితుడు ప్రమాదకారి అవుతాడు. కాని అతనికి ముఖమున్నది, మాట ఉన్నది. అతన్ని చూసి, విని, ప్రేక్షకుడు ఒక నిర్ణయానికి రావచ్చు. ‘డ్యూయెల్’ ఆ అవకాశం ఇవ్వదు.

ఇది చూసి మనలో కొందరు వెంటనే ఒక మాట అంటారు: కార్మికుణ్ణి రాక్షసుడుగా చూపిన మధ్యతరగతి పీడకల ఇది, అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కారులోని మనిషికి భార్య ఉన్నది, ఇల్లున్నది, ముందురోజు రాత్రి విందులో భార్యను మరొకడు అవమానిస్తే ఊరుకున్నానన్న బాధ ఉన్నది. లారీలోని మనిషికి ఏమీ లేదు. అయితే ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే ఈ చిత్రం నుంచి నేర్చుకోవలసింది నేర్చుకోలేము. ఎందుకంటే ఈ సినిమాలో, దర్శకుడు తలచినా తలచకపోయినా, కారులోని మనిషికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే దృశ్యాలు కూడా ఉన్నాయి.

మొదట చెయ్యి సంగతి చూద్దాం. ఒకచోట లారీ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దాటిపొమ్మని సైగ చేస్తాడు. మాన్ నమ్మి పక్కకు వస్తాడు. ఎదురుగా మరో కారు మీదకు వస్తుంది. వెంట్రుకవాసిలో బతికి బయటపడతాడు. ఈ చిత్రంలో అన్నిటికన్నా ఘోరమైన సంఘటన ఇదేనని నా అభిప్రాయం. లారీతో గుద్దటం బలప్రయోగం. చెయ్యి ఊపటం నమ్మకద్రోహం. నమ్మకం ఉన్నచోటనే ద్రోహానికి తావుంటుంది. మాన్ ఒక్క క్షణమైనా ఆలోచించకుండా ఆ చేతిని ఎందుకు నమ్మాడు? రోడ్డుమీద ప్రతివాడూ నమ్ముతాడు గనుక.

మన డెల్టాలో ఈ నమ్మకం లేకుండా గంటసేపు ప్రయాణం చెయ్యటం ఎవరి తరమూ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత పారిన కాలువల గట్లే ఇక్కడ చాలాచోట్ల రోడ్లయినాయి. ఒకపక్క కాలువ, ఇంకోపక్క వరిచేను, మధ్య రెండు బండ్లు ఒరుసుకుపోయేటంత దారి. అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడుతో పోతున్న లారీ వెనక, మోటారుసైకిలుమీద బడికి పోయే మేష్టారికి ఎదర ఏమున్నదీ కనపడదు. లారీ డ్రైవరుకు కనపడుతుంది. అతను చెయ్యి ఊపితే మేష్టారు దాటుతారు, అరచెయ్యి అడ్డం పెడితే ఆగుతారు. ఆ చెయ్యి ఏ ఊరిదో, ఏ కులానిదో అడగరు. పెళ్ళికీ, పంక్తికీ కులం అడిగే సమాజంలో, ప్రాణం అప్పగించేటప్పుడు మాత్రం అడగకపోవటం చిన్న విషయం కాదు. ఈ నమ్మకం రోజూ లెక్కలేనన్నిసార్లు నిలబడుతున్నది. అప్పుడు ఎవరూ చావరు గనుక అది పత్రికలకు ఎక్కదు. ‘డ్యూయెల్’ చూసి మనం వణికామంటే, వేలమంది డ్రైవర్లు కూడబెట్టిన ఆ నమ్మకం మనలో ఉన్నది గనుకనే వణికాము.

రెండవది బూట్ల సంగతి. మాన్ దారిపక్క ఒక హోటల్లో దూరతాడు. బయట ఆ లారీ వచ్చి ఆగి ఉంటుంది. అంటే డ్రైవరు లోపల ఉన్నవాళ్ళలోనే ఒకడై ఉండాలి. ఎవడు? అంతకుముందు పెట్రోలుబంకు దగ్గర చూసిన బూట్లు తప్ప మాన్‌కు మరో ఆధారం లేదు. వరుసగా కూర్చున్న శ్రామికులందరి కాళ్ళకూ దాదాపు అట్లాంటి బూట్లే ఉన్నాయి. ఒకణ్ణి ఎంచుకుంటాడు. పోయి నిలదీస్తాడు, పోలీసులను పిలుస్తానంటాడు, చేతిలోని తిండి లాగి పడేస్తాడు. ఆ మనిషి తిరగబడి కొడతాడు. తీరా చూస్తే అతనికీ ఆ లారీకీ ఏ సంబంధమూ లేదు.

ఈ దృశ్యం చెప్పే నీతి చాలా స్పష్టంగా ఉన్నది. భయానికి ముఖం కావాలి. దొరకనప్పుడు, అందుబాటులో ఉన్న పేదవాడి ముఖాన్ని అది తీసుకుంటుంది. మన రోడ్లమీద ప్రమాదం జరిగిన చోట జరుగుతున్నది ఇదే. ఒక తేడా మాత్రం ఉన్నది. మాన్ ఎడారిలో ఒంటరివాడు, పిలిస్తే పలికేవారు లేరు. మన డెల్టాలో ఊరికీ ఊరికీ మధ్య ఎడమే లేదు. పిలవకముందే వందమంది మూగుతారు. ఆ వందమందీ గాయపడినవాణ్ణి ఎత్తేవాళ్ళు కావచ్చు, డ్రైవరును పట్టి కొట్టేవాళ్ళూ కావచ్చు. తప్పెవరిదో తేలకముందే, పెద్దబండి నడిపినవాడిదే తప్పని తీర్పయిపోతుంది. చట్టానికీ ఈ సంగతి తెలుసు. ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడినవాడికి వైద్యం అందేటట్టు చూడాలని 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను విధించింది. గుంపు ఆగ్రహంవల్ల అది సాధ్యం కానప్పుడు తప్ప, అని ఆ సెక్షనులోనే మినహాయింపు కూడా రాసింది. మనల్ని గురించి శాసనసభ్యులు రాసిన మాట అది!

ఇక మూడవది, పారిపోవటం. ‘హిట్ అండ్ రన్’ అనే మాటలో మొదటిది ప్రమాదం, రెండవది నేరం అని చాలామంది భావన. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను రెండవ ఉపసెక్షను, ప్రాణం తీసి, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు 10 ఏళ్ళ దాకా జైలు అన్నది. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యంవల్ల మరణానికి గరిష్ఠశిక్ష 2 ఏళ్ళు. 2024 జనవరి మొదటి రోజుల్లో దేశంలో అనేకచోట్ల లారీలు ఆగిపోయాయి. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. కేంద్ర ప్రభుత్వం చర్చలకు దిగింది. 2024 జూలై 1న కొత్త చట్టం అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షనునూ పక్కన ఉంచారు. సమ్మెలో డ్రైవర్లు చెప్పిన మాట ఒకటే: ఆగితే జనం చంపుతారు, ఆగకపోతే చట్టం చంపుతుంది.

దీనికి నీతిశాస్త్రం ఏమి జవాబు చెబుతుంది? మళ్ళీ సినిమాకే వద్దాం. తరువాత చేర్చిన దృశ్యాలలో ఒకటి ఇది. దారిలో ఒక స్కూలుబస్సు ఆగిపోయి ఉంటుంది. కాస్త తోయమని బస్సు డ్రైవరు మాన్‌ను అడుగుతాడు. మాన్ తోస్తుండగా కారు బస్సు కింద ఇరుక్కుంటుంది. అంతలో దూరాన సొరంగంలో లారీ కనపడుతుంది. మాన్ భయంతో కారును విడిపించుకొని, పిల్లలతో నిండిన బస్సును అక్కడే వదిలి పారిపోతాడు. వెనక్కి చూస్తే, ఆ లారీ పిల్లల బస్సును మెల్లగా తోస్తూ ఉంటుంది!

మాన్ పిల్లలను వదిలి పారిపోయాడని ఏ ప్రేక్షకుడూ అతన్ని నిందించడు. ఎందుకు? అతని ముఖం చూశాము, చెమట చూశాము, భయం మనకు అర్థమైంది. అదే భయంతో పారిపోయిన లారీ డ్రైవరును మాత్రం హంతకుడంటాము. ఇద్దరూ ఆపదలో ఉన్నవాళ్ళను వదిలి పోయినవాళ్ళే. ఇద్దరినీ తరిమింది ప్రాణభయమే. తేడా అల్లా, ఒకడి ముఖం మనం చూశాము, రెండవవాడిది చూడలేదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. తాగి బండి నడిపి పసివాణ్ణి చంపినవాడు కార్మికుడైనంత మాత్రాన నిర్దోషి అవుతాడా? కాడు. చచ్చిపోయిన పిల్లవాడి తండ్రి కూడా కూలివాడే కావచ్చు. అతనికి వర్గసిద్ధాంతం చెప్పి ఓదార్చటం క్రూరత్వం. రక్తం కారుతున్న మనిషి పట్ల డ్రైవరుకు బాధ్యత ఉన్నది, ఆ బాధ్యత భయంవల్ల రద్దు కాదు. కాని బాధ్యత అనేది మనిషికే ఉంటుంది. లారీకి ఉండదు, రాక్షసుడికి ఉండదు. డ్రైవరును విచారించాలన్నా, శిక్షించాలన్నా, ముందతన్ని మనిషిగా నిలబెట్టాలి. గుంపు దెబ్బలు అతన్ని నిలబడనివ్వవు. పైగా, అతను పారిపోయిన క్షణాన గాయపడినవాడు ఆస్పత్రికి పోయే మొదటి బండి కూడా పోయినట్టే. మనం కొట్టిన దెబ్బ డ్రైవరుకే తగలదు, రోడ్డుమీద పడి ఉన్నవాడికీ తగులుతుంది.

మరి స్టీరింగు వెనక ఉన్న చెయ్యి ఎవరిది? భీమవరం నుంచి చేపల లోడు ఐసువేసుకొని హౌరా వైపు బయలుదేరుతుంది. వెయ్యి కిలోమీటర్లకు పైన దారి. ఐసు కరిగేలోగా సరుకు చేరాలి; ఆలస్యమైతే కిరాయిలో కోత పడుతుంది. అంటే వేగం నిర్ణయించేది డ్రైవరు కాలు ఒక్కటే కాదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదన్నది. దూరప్రయాణాలకు 10, 54 గంటల దాకా సడలించింది. అయితే అయిదుగురికి తక్కువ కాకుండా కార్మికులున్న సంస్థలకే ఆ చట్టం వర్తించేది. ఒకటి రెండు లారీల యజమాని దగ్గర పనిచేసే డ్రైవరు నిద్రకు ఆ చట్టంలో చోటు లేకపోయింది. ముఖం లేనిది నిజానికి ఈ ఏర్పాటుకు. డ్రైవరుకు ముఖమున్నది, దాబా ముందు నులకమంచంమీద పడుకున్నప్పుడు ఎవరైనా చూడవచ్చు.

దీనికి మరో నిదర్శనం కోనసీమలోనే ఉన్నది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ‘డ్యూయెల్’ లారీమీద మండే సరుకని రాసి ఉంటుంది, దాన్ని నడిపేవాడొకడుంటాడు. భూమిలో పాతిన గొట్టానికి డ్రైవరు లేడు. పట్టుకోవటానికి చొక్కా లేదు. అక్కడ జనం విచారణ అడగవలసి వచ్చింది, నష్టపరిహారం అడగవలసి వచ్చింది. రోడ్డుమీద మాత్రం చొక్కా దొరికింది గనుక విచారణ అవసరం లేదనుకుంటున్నాము. దొరికినవాణ్ణి కొట్టటం న్యాయం కాదని నగరం తరువాతనైనా మనకు తెలియాలి.

సినిమా చివర లారీ లోయలో పడేటప్పుడు ఒక రాకాసి జంతువు అరుపు వినిపిస్తుంది. మాన్ గెంతుతాడు, నవ్వుతాడు, తరువాత అంచున కూర్చుని పొద్దుగుంకేదాకా రాళ్ళు విసురుతాడు. కింద ఒక మనిషి చచ్చిపడి ఉన్నాడు. తొంగి చూడాలని అతనికి తోచదు, ప్రేక్షకుడికీ తోచదు. తెరవెనక ఆ లారీ నడిపినవాడు కేరీ లాఫ్టిన్ అనే స్టంటు కళాకారుడు. చిత్రంలో అతని ముఖం కనపడకుండా చెయ్యటమే అతని పని. మాన్ చేసింది ఆత్మరక్షణ, అందులో తప్పులేదు. తప్పు, చచ్చినవాడు ఎవడని అడగకపోవటంలో ఉన్నది.

అభ్యుదయవాదులమని చెప్పుకునే విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ ఇందులో పుస్తకాలలో లేని పని ఒకటున్నది. గాయపడినవాడికి సాయం చేసేవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చారు. కనుక పోలీసు భయం ఇక సాకు కాదు. రేపు రావులపాలెం దగ్గరో, తణుకు దగ్గరో జనం మూగినచోట మనం ఉంటే, ఇద్దరు గాయపడినవాణ్ణి ఎత్తాలి, ఇద్దరు డ్రైవరుకూ గుంపుకూ మధ్య నిలబడాలి. అతని పేరడగాలి. ఎన్ని గంటలుగా నిద్రలేకుండా బండి నడుపుతున్నాడో, ఎవరి సరుకు మోస్తున్నాడో అడగాలి. విచారణ అక్కడినుంచి మొదలుకావాలి.