సారథి ధర్మము

తన చేతితో పని చేయుట యొక విద్య. పలువురిచేత పని చేయించుట వేరొక విద్య. మొదటిదానియందు ఆరితేరినవానినే లోకము రెండవదానికి నియోగించుచున్నది. అట్లు నియుక్తుడైనవానికి ఒక ధర్మసంశయము తప్పదు. తనకన్న నేర్పు తక్కువైనవారి పనిని తానే అందుకొని చక్కగా ముగించుట ధర్మమా? తప్పులు దొర్లినను వారిచేతనే చేయించుట ధర్మమా?

నేడు గోదావరి సీమలోని అనేక గృహముల బిడ్డలు హైదరాబాదు, బెంగుళూరు నగరములందును, అమెరికాయందును సాఫ్ట్‌వేర్ ఉద్యోగములు చేయుచున్నారు. వారికి ఈ సంశయము నిత్యానుభవము. ప్రోగ్రాములు వ్రాయుటలో దిట్టయైన యువకుడు టీమ్ లీడర్ అగును. నిన్నటివరకు అతని శ్రమఫలము సాయంకాలమునకు కంటికి కనబడెడిది. నేడు దినమంతయు మాటలతోను, పని పంపకములతోను గడచిపోవును. తాను చేసినదేమియు లేదను వెలితి మిగులును. ఆ వెలితిని పూడ్చుకొనుటకు రాత్రి కూర్చుండి, చిన్నవారు వ్రాసినదానిని చెరిపి తానే తిరిగి వ్రాయును. ప్రోగ్రాము బాగుపడును గాని వ్రాసిన చిన్నవాడు బాగుపడడు. తన పని యెందులకు మారినదో అతనికి తెలియదు. మరునాటినుండి శ్రద్ధయు సన్నగిల్లును. పైకి ఇది సేవవలె కనబడును. లోపలనున్నది మాత్రము "నేనే కర్తను" అను అభిమానమే.

సేతుబంధన ఘట్టమును స్మరింపుడు. నలుడు విశ్వకర్మ తనయుడు. అయినను తన నేర్పును తానై చాటుకొనలేదు. సముద్రుడు చెప్పిన పిమ్మటనే ముందుకు వచ్చెను. వానరులు కొండరాళ్లను, వృక్షములను మోసి తెచ్చిరి. కొందరు సూత్రములు పట్టిరి, కొందరు కొలతకర్రలు పట్టిరి. వాల్మీకి మహర్షి చెప్పిన లెక్క గమనింపదగినది. మొదటి దినమున 14 యోజనములు, పిమ్మట వరుసగా 20, 21, 22, 23. ఐదు దినములకు నూరు. అలసినవారి పని దినదినము తగ్గును. నేర్చుకొనుచున్నవారి పని దినదినము పెరుగును. బరువంతయు నలుడే మోయబూనియుండినచో ఈ పెరుగుదలకు తావెక్కడిది?

ఇందుకు దృష్టాంతము గోదావరి తీరముననే మరియొకటి కలదు. 1833 నాటి కరవును, 1839 నాటి ఉప్పెనను చవిచూచిన ఈ సీమకు ఆనకట్ట కావలెనని సర్ ఆర్థర్ కాటన్ 1844లో నివేదించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా 1847లో పని మొదలయ్యెను. ఇసుకనేలలో పునాది నిలుపు ఉపాయమును కాటన్ కావేరిపై పూర్వులు కట్టిన కల్లణై నుండి నేర్చెను. నేర్పువాడు ముందు నేర్చుకొనువాడు కావలెను. 1848లో ఆరోగ్యము చెడి ఆయన ఆస్ట్రేలియాకు వెడలవలసివచ్చెను. పనిభారము కెప్టెన్ ఓర్ వహించెను. 1850లో కాటన్ తిరిగి వచ్చువరకును పని ఆగలేదు, 1852లో పూర్తియయ్యెను. ఆయనకు కుడిభుజమై నిలిచిన వీణెం వీరన్నను సీమవారు నేటికిని తలచుచుందురు. నాయకుడు చెంత లేనప్పుడు నడచిన పనియే నాయకత్వమునకు గీటురాయి.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండుట నాయకత్వము కాదు. వరదవేళ గట్టు తెగుచున్నప్పుడు పెద్దవాడును మట్టితట్ట నెత్తుకొనవలసినదే. అది ఆపద్ధర్మము, దానిని నిత్యధర్మము చేసికొనుటయే దోషము. కురుక్షేత్రమున శ్రీకృష్ణుడు ఆయుధము పట్టనని పలికి పగ్గములు పట్టెను. సైంధవవధనాడు యుద్ధమధ్యముననే అశ్వములను విప్పి, వాని దేహములందలి బాణములను తీసి, నీరు త్రాగించెను. బాణము వేయువాడు పార్థుడు. అతని రథము కదలుటకు వలసినదంతయు చూచువాడు సారథి. టీమ్ లీడర్ పనియు నట్టిదే. ఎవరికి ఏ పని తగునో ఎరుగుట, అలసినవానికి విశ్రాంతి నిచ్చుట, తప్పును దిద్దునప్పుడు కారణము వివరించుట అతని విధులు. అర్ధరాత్రమున కంప్యూటర్ వ్యవస్థ నిలిచిపోయినప్పుడు "ఎవరు చేసిరి?" అనుటకు ముందు "ఎట్లు జరిగినది?" అని విచారింపవలెను. నింద వచ్చినచో తాను ముందు నిలువవలెను. మెప్పు వచ్చినచో చేసినవారిని ముందు నిలుపవలెను.

సర్వకర్తృత్వము భగవంతునిదని నిత్యము అనుసంధించు భక్తునకు ఇది క్రొత్త పాఠము కాదు. కోవెలలో పలికిన ఆ మాటను కార్యాలయములో ఆచరించుటయే కష్టము. ఆ కష్టమునకు ఓర్చినవాని చెంత పదిమంది సమర్థులు తయారగుదురు. అంతకన్న నాయకునకు వేరు ఫలము లేదు.