నీటితోనా, విధేయతతోనా?

బాప్తిస్మం పొందనిదే మోక్షం లేదా? నౌపడ, టెక్కలి ప్రాంతాల్లో క్రైస్తవ సోదరులతో కలసిమెలసి బ్రతికే మనకు ఈ ప్రశ్న కొత్త కాదు. దీనిపై వారిలోనే ఏకాభిప్రాయం లేదు. కేథలిక్కులు పసిబిడ్డలకే బాప్తిస్మమిస్తారు. శ్రీకాకుళం జిల్లాలో కెనడా మిషనరీలు నెలకొల్పినటువంటి బాప్తిస్టు సంఘాలు విశ్వసించినవారికే ఇస్తాయి. మోక్షం మాత్రం విశ్వాసం వల్లనే అంటాయి. కృష్ణా జిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు 1942లో ఏసు (అలైహిస్సలాం) భక్తుడయ్యారు. కాని బాప్తిస్మం వట్టి ఆచారమేనని దాన్ని నిరాకరించారు.

ఇస్లాం ప్రకారం ప్రతి శిశువూ నిర్మల స్వభావంతోనే పుడుతుంది. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని దివ్య ఖుర్ఆన్ (6:164) చెబుతోంది. కనుక కడగవలసిన జన్మపాపమే లేదు.

మరి వుజూ, గుస్ల్ ఎందుకు? అవి దైవాజ్ఞలు గనుక. నీరు దొరకనప్పుడు మట్టితో తయమ్ముమ్ చేయమన్నాడు అల్లాహ్ (5:6). మట్టి మురికిని కడుగుతుందా? శుద్ధినిచ్చేది నీరు కాదు, విధేయత.

ఉహుద్ యుద్ధం నాడే ఇస్లాం స్వీకరించిన అమ్ర్ బిన్ సాబిత్ (రజి) ఒక్క నమాజైనా చేయకుండానే అమరులయ్యారు. ఆయన స్వర్గవాసి అని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ఆయనకు వ్యవధి లేదు, మనకుంది. వ్యవధి ఉండీ నమాజును వదిలేసి, 'విశ్వాసం మనసులో ఉంది' అనడం సాకు మాత్రమే. అయిదుపూటలా నోరు పుక్కిలించి, అదే నోటితో అబద్ధమాడితే ఆ వుజూ మనలో ఏం మార్చినట్లు? ఇతరులను ప్రశ్నించే ముందు మనల్ని మనం ప్రశ్నించుకుందాం.

అల్లాహ్ మన బాహ్యాన్నీ, అంతరంగాన్నీ పరిశుద్ధపరచుగాక! ఆమీన్.