నిక్షేపధర్మము

మా ధర్మపురి సీమ రాగులు పండు సీమ. పొడినేలలో గోయి త్రవ్వి, గడ్డి పరచి, గింజలు పోసి, పైన మట్టి కప్పినచో రాగులు ఏండ్ల తరబడి చెడవు. దానినే మనవారు పాతర యందురు. పాతర లేనివాడు ఇరుగువారి పాతరలో తన గింజలు పోయించుకొనెడివాడని మా పెద్దలు చెప్పగా విన్నాము. దాచినందులకు కొంత పుచ్చుకొనుట తప్పుగాదు. కాని అడిగిననాడు మూత తీయక, 'తీయవలెనన్న నింత యిమ్ము' అనువానిని ఊరు ఏమనును?

ఇది మాకిప్పుడు జ్ఞప్తికి వచ్చుటకు మా తమ్ముని కుమారుడు కారణము. అతనికి బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము. మొన్న కారిమంగళము వచ్చినప్పుడు, "పెదనాయనా, తోట అమ్మిన డబ్బులో కొంత అమెరికా షేర్లలో పెడదామా?" అని అడిగి, రెండు కంపెనీల లెక్కలు మా ముందుంచెను. రెండును బ్యాంకుల ఖాతాలు, ఆసుపత్రుల రికార్డులు మొదలగు డేటాను దాచు యంత్రములు అమ్మునవి. ఒకటి 1992లో కాలిఫోర్నియాలో పుట్టిన నెట్‌యాప్. రెండవది డెల్, 1979 నాటి ఇ.ఎం.సి.ని 2016లో సుమారు 6,700 కోట్ల డాలర్లకు కొని తనలో కలుపుకొన్నది. డెల్ వ్యాపారము పెద్దది, మిగులు పలుచన. నెట్‌యాప్ చిన్నది, నిలువ చేయుటయే దాని ముఖ్యవృత్తి. డాలరు అమ్మకముపై మిగులు చాల హెచ్చు.

ధరల సంగతి యందురా, 2000లో నూరు డాలర్లు దాటిన ఇ.ఎం.సి. షేరు 2002 అక్టోబరు నాటికి ఐదింటికి దిగువకు జారినది. నెట్‌యాప్ షేరును ఆ యేటనే నూరు దాటి, 2002లో పదికి లోబడినది. ఈ విషయమున మేము జోస్యము చెప్పజాలము.

మమ్ము నిలువరించినది అతని చివరి మాట. "ఒకసారి వీళ్ళ పెట్టెల్లో డేటా పెట్టినవాడు సులువుగా బయటికి పోలేడు పెదనాయనా. మన డబ్బుకి అదే భద్రం." నిజమే. గుట్టలకొలది డేటాను మరియొకచోటికి మార్చుట నెలల పని. నడుమ పోవునేమోయను భయము. పనివారికి క్రొత్త యంత్రము నేర్పవలెను. కావుననే మరమ్మతు ఒప్పందమునకు అడిగినంత యిచ్చుకొనుటకు ఒప్పుకొందురు. పెట్టుబడిదారులు దీనిని కోటచుట్టు అగడ్త యని మెచ్చుకొందురు. అగడ్త పగవానిని బయట నిలుపుటకు గదా! లోనివానిని పోనీయకుండుటకైనచో దానికి మరియొక పేరున్నది.

మనువు చెప్పిన పదునెనిమిది వివాదములలో ఋణము తరువాత రెండవది నిక్షేపమే. దాచుమని యిచ్చిన సొమ్ము ఆనాడే అంత పెద్ద తగవు. తమిళ సోదరుల నడుమ తరతరములుగ బ్రతికిన మన కుటుంబములకు ఇది పుస్తకములోని మాట మాత్రమే కాదు. భాష వేరైన యూరిలో పొరుగువాడు మన గడపలో సొమ్ము దాచెనన్న, అడిగినప్పుడు తిరిగి వచ్చునను నమ్మకముననే గదా.

అయితే బరువైన వస్తువును కదల్చుట కష్టమే; ఆ కష్టమును కంపెనీ నేరమనుట న్యాయము గాదు. మంచి పనితనము వలనను కొనువాడు నిలుచును. వస్తుస్వభావము వలన కలిగిన చిక్కు వేరు, కావలెనని కట్టిన గోడ వేరు. పరుల కంప్యూటర్లలో డేటా దాచు 'క్లౌడ్' వ్యాపారమున ఈ భేదము తేటపడినది. అక్కడ లోనికి తెచ్చుటకు రుసుము లేదు. బయటికి తీయుటకు కొలిచి రుసుము. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ పూర్తిగా విడిచిపోవువారికి ఆ రుసుమును ఎత్తివేసినవి. ఐరోపా కూటమి చట్టమొకటి 2025 సెప్టెంబరు 12న అమలులోనికి వచ్చి, 2027 జనవరి 12 నుండి మార్పిడి రుసుములు కూడదని శాసించినది. అనగా ఆ గోడ తీయరానిది గాదన్నమాట.

పది షేర్లు గలవానికి ఇందులో పాలెంతయని మా వాడు అడిగెను. దాచినందులకు వచ్చు కూలిలో మన పాలున్నప్పుడు, మూత బిగించినందులకు వచ్చు దానిలో మాత్రము లేదని యెట్లనగలము? అతనిని ధిక్కరించుటకు మాకు మనసు రాలేదు. ఆ పైకము అతని చెల్లెలి పెండ్లికి. లెక్కల కాగితములో మరియొక గడి గీసి, విడిచిపోవువానికి ఈ రెండు కంపెనీలలో ఎంత ఖర్చగునో వ్రాసి తెమ్మంటిమి.

ఆ గడి ఇంకను ఖాళీగనే యున్నది. పైకము ఊరి బ్యాంకులోనే యున్నది. వడ్డీ చాలదని అతని తల్లి సణుగుచున్నది.