ముందు ఎవరి ఇల్లు?

నీళ్లు వచ్చిన ఊరిలో, నీళ్లు దిగిన తరువాత, మొదట ఎవరి ఇల్లు నిలువబెట్టవలెను? ప్రియ చదువరీ, ఇది మేస్త్రీని అడుగవలసిన ప్రశ్నవలె కనబడును. అయితే మేస్త్రీ చెప్పగల జవాబు ఒక్కటే: ఎవరు కూలి ఇచ్చెదరో వారి గోడ ముందు లేచును. అందులో అతని తప్పేమియు లేదు, అతనికిని పిల్లలున్నారు. కాని ఆదివారమున ఒకే చాపమీద కూర్చుండి ప్రార్థించు మనము ఆ జవాబు విని ఊరకుండవచ్చునా అనునదే ఇప్పుడు నేను మీ ముందుంచుచున్న సంగతి.

కారేపల్లి చుట్టుపట్ల కాపురముండు మీకు నీళ్ల సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. ఒక ప్రక్క గోదావరి, మరియొక ప్రక్క ఆకేరు, మున్నేరు. నడుమ అడవినుండి దిగివచ్చు వాగులు. భద్రాచలమువద్ద గోదావరి 53 అడుగులకు వచ్చినప్పుడు మూడవ హెచ్చరిక వేయుదురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు వచ్చెను, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చెను. 2024 ఆగస్టు 31న మొదలైన వాన ఖమ్మము, మహబూబాబాదు జిల్లాలలో తెల్లవారులు ఆగక కురిసి, సెప్టెంబరు 1వ తేదీకి మున్నేరును ఖమ్మమువద్ద 36 అడుగులవరకు పెంచెను. ఒడ్డున నున్న పేటలలో నీళ్లు మొదటి అంతస్తు మెట్లెక్కెను. ఆకేరు వంతెనమీదికి పొంగి మనుష్యులను సహితము కొనిపోయెను.

ఆ దినమున ఖమ్మము ప్రకాశ్ నగర్ వంతెనమీద తొమ్మండుగురు చిక్కుకొని గంటలతరబడి ప్రాణములు అరచేత పెట్టుకొని నిలుచుండిరి. బ్రదుకుదెరువుకు పరరాష్ట్రమునుండి వచ్చి జె.సి.బి. నడుపుకొనుచున్న ఒక మనుష్యుడు తన బండిని ఆ నీళ్లలోనికి తోలి వారినందరిని ఒడ్డుకు చేర్చెను. వారెవరు, ఏ కులము, ఏ మతము అని అతడు విచారించినట్లు ఎవరును చెప్పలేదు. వరద దినమున మనుష్యులు సాధారణముగా మంచివారుగానే యుందురు. ముందు ఎవరు, వెనుక ఎవరు అను లెక్క ఆ దినమున పుట్టదు. అది 40వ దినమున పుట్టును. అన్నపు పొట్లములు ఆగిపోయి, ఫొటోలు తీయువారు వెళ్లిపోయి, ఎవరి గోడ వారికి కనబడుచుండగా పుట్టును. ఆ 40వ దినమును గూర్చియే నా మాట.

కేసముద్రమువద్ద ఆ వానకే రైలుకట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. వందలకొలది పనివారు రాత్రింబగళ్లు పాటుపడగా కొద్ది దినములకే బండ్లు మరల నడిచెను. రైలుకట్ట అందరిదియు గనుక ఆలాగు జరిగెను. ఇల్లు ఒక్కరిది. అది లేచుటకు ఏడాది పట్టినను అడుగువారు లేరు.

అంత కాలమేల పట్టునో తెలియనివారికి చెప్పుచున్నాను. మట్టిగోడ నీళ్లలో నున్నంతసేపు చాలసార్లు నిలిచియే యుండును, రెండు ప్రక్కల నీరే దానిని పట్టుకొనును. నీరు దిగిన పిమ్మట అడుగుభాగము మెత్తబడి, పైభాగము తడి బరువుతో క్రుంగి, ఎండ కాసిన రెండు మూడు దినములకు ఒక్కసారిగా కూలును. ఇల్లు నిలిచినదని సంతోషించి పిల్లలను లోపల పండుకొనబెట్టిన తల్లులకు ఇదియే గండము. తడికెగోడ కొంత మేలు. మట్టి కరగిపోయినను గుంజలు, తడికె మిగులును, మరల మెత్తుకొనవచ్చును. ఇటుకగోడ కూలదు గాని లోపల నీరు త్రాగి కూర్చుండును. దానిమీద తొందరపడి సిమెంటు పూసినయెడల ఆ తడి బయటికి పోవు దారిలేక లోపలనే యుండి, మరుసటి ఏటికి తెల్లని ఉప్పుగా పొంగి, పూతను పెచ్చులు పెచ్చులుగా రాల్చును. గోడ చూచుటకు క్రొత్తది, ముట్టిన చల్లన. ఆ గదిలో పండుకొను ముసలివారికి దగ్గు వదలదు. ఒండ్రుమట్టి ఎండి గట్టిపడకముందే ఎత్తివేయవలెను, గోడను మాత్రము గాలికి వదలి కాచుకొనవలెను. ఒకటి త్వరగా చేయవలసినది, ఒకటి ఆలస్యముగా చేయవలసినది. చాలమంది దీనిని తారుమారు చేయుదురు.

ధర్మశాస్త్రములో లేవీయకాండము 14వ అధ్యాయమును మనము ఆరాధనలో అరుదుగా చదువుదుము. అది ఇంటి గోడలకు పట్టు తెగులును గూర్చినది. గోడలో పచ్చని చారలైనను ఎఱ్ఱని చారలైనను కనబడినయెడల ఇంటివాడు తానే పోయి యాజకునికి తెలుపవలెను. యాజకుడు వచ్చి చూచి ఏడు దినములు ఇల్లు మూయించును. తెగులు ప్రాకినయెడల ఆ రాళ్లు ఊడదీయించి, లోపలి గోడలన్నియు గీకించి, ఆ పెళ్లను ఊరిబయట పారబోయించి, వేరు రాళ్లు పెట్టించి, వేరు అడుసు పూయించును. అప్పటికిని తెగులు తిరిగి వచ్చినయెడలనే ఇల్లు పడగొట్టుదురు. పైపూత చాలునని ఆ శాస్త్రము ఎక్కడను ఒప్పుకొనలేదు. ఇందులో నాకు మిక్కిలి ప్రియమైనది ఒక చిన్న ఆజ్ఞ. యాజకుడు లోపల అడుగుపెట్టకమునుపే ఇంటిలోని సామానంతయు బయట పెట్టించవలెను, ఏలయనగా అతడు ఇల్లు అపవిత్రమని చెప్పినయెడల లోపలనున్నదంతయు అపవిత్రమగును. ఇత్తడిపాత్రను కడుగుకొనవచ్చును, బట్టను ఉదుకుకొనవచ్చును. కడిగినను శుద్ధి కానిది మట్టికుండ ఒక్కటే, దానిని పగులగొట్టవలసినదే. కాబట్టి దేవుడు ఇక్కడ పేదవాని కుండలను గూర్చి చింతించెనని యూదుల పూర్వపు పెద్దలు అర్థము చెప్పిరి. ఇల్లు పోవచ్చునేమో గాని కుండ పోకూడదు!

అయితే ఆ ఏడు దినములు ఇంటివాడు ఎక్కడ నుండెను? ఆలోచించుడి. కాచుకొనుము అని చెప్పుట సులభము. మేడగలవాడు పైన కాపురముండి క్రింది గోడలు ఆరువరకు నిశ్చింతగా కాచుకొనును. పట్నములో కుమారుడున్నవాడు రెండు నెలలు అక్కడికి పోవును. టార్పాలిన్ పట్టా క్రింద పసిబిడ్డతో నున్న స్త్రీ ఎట్లు కాచుకొనును? ఆమె తడిగోడల మధ్యకే తిరిగి పోవును, మనము పోవద్దని చెప్పినను పోవును. ఓర్పు మంచి గుణమని మనము బోధించుచున్నాము గాని ఓర్చుకొనుటకు పైన ఒక కప్పు కావలెను. అది పొరుగువాడు ఇయ్యవలసినదే గాని ఆమె తనలోనుండి తెచ్చుకొనగలది కాదు.

నా జవాబు ఇక్కడనే యున్నది. ముందు లేవవలసినది ఎక్కువ నష్టపోయినవాని ఇల్లు కాదు, కాచుకొనలేనివాని ఇల్లు. ఈ రెండును ఒకటి కావు. రూపాయలలో లెక్కించినయెడల పెద్దరైతే ఎక్కువ పోగొట్టుకొనెను. అతని మోటారు, అతని పత్తి, ఇంటిలో నిలువబెట్టుకొనిన ధాన్యము పోయెను. అతని దుఃఖము నిజమైనదే. అతనికి బాగుగా శాస్తి జరిగెనని గొణుగువారిని నేను మెచ్చను. కాని అతడు కాచుకొనగలడు. కూలివాని సంగతి వేరు. ఒక దినము తన గోడ పెట్టుకొనినయెడల ఆ దినము కూలి లేదు, కూలి లేనియెడల సాయంత్రము పొయ్యిలో మంట లేదు. 2024లో ప్రభుత్వము వరద కుటుంబములకు తక్షణ సహాయముగా 10,000 రూపాయలు ప్రకటించెను. ఇంటి పనికి పోవు దినముల కూలియు, తడిసిన బియ్యమునకు బదులు బియ్యమును, పిల్లల పుస్తకములును లెక్కవేసికొనుడి. అందులో గోడకు మిగులునదెంత? కాబట్టి అట్టివానికి డబ్బుకంటె ముందు కావలసినది చేతులు. నాట్ల కాలములో ఒకరి పొలములో ఒకరు బదులు పని చేసికొనుట మనకు తెలియును. ఇంటికిని ఆలాగే చేయవచ్చును. తిరిగి బదులు చేయలేని ముసలిదానికి కూడ.

అయితే కాచుకొనలేనివారెవరో ఎవరు నిర్ణయింపవలెను? ఇక్కడనే సంఘములు చీలిపోవును. ఒకడు జాబితా వ్రాయును. వ్రాసినవాని బంధువు మొదటి పది పేర్లలో కనబడును. అతడు నిజముగా అక్కరలోనున్నవాడైనను ఎవరును నమ్మరు. ఊరిచివర తండావారి పేర్లు, గూడెమువారి పేర్లు చివరి పుటలో నుండును, లేక ఉండవు. ఇది క్రొత్త సంగతి కాదు. యెరూషలేములో ఆది సంఘము ఇంకను పసిదిగా నున్నప్పుడే అనుదిన పరిచర్యలో గ్రీకు మాటలాడు విధవరాండ్రను విడిచిపెట్టుచున్నారని సణుగు పుట్టెను. అపొస్తలులు సణుగువారిని గద్దింపలేదు, లెక్కలు చూపించి వాదింపను లేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుడని చెప్పిరి. ఆ ఏడుగురి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే! ఎవరు మరువబడిరో వారి ప్రక్కవారి చేతికే గిన్నె అప్పగింపబడెను. మన సంఘములో జాబితా ఎవరి చేతిలో నున్నది? తండాలోనుండి ఒక తల్లి, గూడెములోనుండి ఒక పెద్ద, అద్దె ఇంటివారిలోనుండి ఒకరు కూర్చుండి వ్రాసి, వేపచెట్టు క్రింద అందరియెదుట బిగ్గరగా చదివినయెడల సగము సణుగు అక్కడనే చచ్చును. తక్కిన సగము వినదగినదై యుండును.

అద్దె ఇంటివారని ఊరక అనలేదు. గోడకు సహాయము వచ్చినయెడల అది గోడగలవానికి పోవును. గోడ మధ్య మునిగిపోయిన మంచము, కుట్టుమిషను, బియ్యపు డబ్బా అద్దెకున్నవానివి. ఇంటి యజమాని సంఘస్థుడైయుండి, నీళ్లు నిలిచిన నెలకు సహితము అద్దె వసూలు చేసినయెడల పాదిరిగారు ఆయనను వేరుగా పిలిచి మాటలాడవలెను. వేదికమీదనుండి కాదు.

అప్పును గూర్చియు ఒక మాట. నీళ్లు వెళ్లిన వెంటనే వచ్చువాడు వడ్డీవాడు. నూటికి మూడు, నూటికి ఐదు. నెహెమ్యా యెరూషలేము గోడను 52 దినములలో కట్టించెనని మనకు కంఠతా వచ్చును. ఆ పని నడుమ జనులు మొఱ్ఱపెట్టిన సంగతిని మనము అంతగా తలంపము. ధాన్యముకొరకు పొలములు, ఇండ్లు కుదువపెట్టితిమని, పిల్లలను దాసులుగా అప్పగించితిమని వారు ఏడ్చిరి. నెహెమ్యా మిక్కిలి కోపపడి, అప్పులిచ్చిన పెద్దలమీద సమాజము కూర్చెను. పొలములును ఇండ్లును తిరిగి ఇప్పించెను, నూరవ వంతు వడ్డీని సహితము ఇప్పించెను. అది నెలవడ్డీ యని పండితులు తలంచుదురు. నూటికి ఒక్కటి యన్నమాట! మన ఊళ్లలో దానిని ధర్మవడ్డీ యందురు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయమైతే అప్పిచ్చినవాడు కుదువకొరకు అప్పుగలవాని ఇంటిలోనికి చొరబడక బయటనే నిలువవలెనని చెప్పుచున్నది. కూలిన ఇంటికిని గడప ఉన్నది. అప్పిచ్చువాడైనను, సహాయము తెచ్చువాడైనను, సెల్ ఫోనుతో ఫొటో తీయువాడైనను ఆ గడపబయట నిలిచి ఇంటివారిని పిలువవలెను.

ఇక అన్నిటికంటె కష్టమైనది. మందిరము కప్పుకూడ ఎగిరిపోయెను. పెద్దలు కూడినప్పుడు ఎవరో ఒకరు హగ్గయిని తెచ్చెదరు. దేవుని మందిరము పాడైయుండగా మీ ఇండ్లేల అని. ఆ మాట నేనును గౌరవింతును. అయితే క్రీ.పూ. 520లో ఆ ప్రవక్త ఎవరితో మాటలాడెనో చూడుడి. సరంబీవేసిన ఇండ్లలో సుఖముగా కూర్చున్నవారితో. నిట్టాడి విరిగిన గుడిసెలోని విధవరాలితో ఆయన ఆ మాట అనలేదు. డోర్నకల్లు అధ్యక్షఖండములో బిషపు అజరయ్యగారి కాలమున స్త్రీలు వంటకు బియ్యము కొలిచినప్పుడెల్ల ఒక పిడికెడు తీసి దేవునికని వేరుగా ఉంచిరి. డోర్నకల్లులోని పెద్ద దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. దాని వెనుక ఎన్నో ఏండ్ల ఓపిక ఉన్నది. దేవుని ఇల్లు కాచుకొనగలదు. వాననీటిలో తడిసి దగ్గువాడు దేవుడు కాడు.

కాబట్టి మందిరమునకని కూర్చిన గూనపెంకులు, వాసములు మొదట ఆ జాబితాలోని మొదటి ఇండ్లకు పోవచ్చును. లెక్క వ్రాసిపెట్టుకొనుడి, తిరిగి ఇయ్యగలవారు ఇత్తురు. పిడికెడు బియ్యము డబ్బా ఆ మూడు నెలలు పని చేయువారి మధ్యాహ్న భోజనమునకు పోవచ్చును. ఇది మందిరమును తక్కువచేయుట యని బాధపడు పెద్దవారు మనలో నుందురు. ఆ బాధ ప్రేమలోనుండి వచ్చినదే గనుక వారిని తొందరపెట్టకుడి, వారిని ఆ ఇండ్లకు వెంటబెట్టుకొని పోయి చూపుడి. ఆ ఏట క్రిస్మసు ఆరాధన చింతచెట్టు క్రింద జరుగును. మన అడవి అంచున డిసెంబరు చలి మీకు తెలిసినదే. ముసలివారికి ఎవరైన ఒకరు ముందుగా పోయి నెగడు వేయవలెను, తక్కినవారు దుప్పట్లు తెచ్చుకొనవలెను.