నమూనా విమానము - సత్యనిష్ఠ

ఎగురని విమానమునకై యింత శ్రమ యెందులకని పెద్దలు పిల్లలను మందలించుట కద్దు. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ తునుకలను చట్రమునుండి కత్తిరించి, అంచులు ఆకురాతితో రాచి, జిగురుతో అతికి, రంగువేసి బల్లపై నిలుపుటతో ఆ పని ముగియును. అది ఆటకైనను పనికిరాదు, తాకిన విఱుగును.

మా భైంసాకు సమీపమున నున్న నిర్మలలో పొణికికఱ్ఱతో బొమ్మలు చేయువారు కలరు. వారి చిలుక చిలుకవలె తోచిన చాలును, అంగుళముల లెక్క యెవ్వరు నడుగరు. విమానము కట్టువానికి అట్లు చెల్లదు. 72వ వంతు కొలతలో అసలైన ఆఱడుగులు ఒక్క అంగుళమగును. 36 అడుగుల 10 అంగుళముల రెక్కలుగల స్పిట్‌ఫైర్ ఆఱంగుళములను కొంచెముగా మించును. పైకప్పు మూసినపిమ్మట కంటికి దాదాపు కానరాని చోదకుని పీఠమునకుగూడ వాడు పట్టీలు అతుకును. చూచువాడు లేనిచోటను సరిగా చేయవలెనను ఈ పట్టుదలను నేను వ్యర్థమనజాలను. నీతిపాఠములు వల్లించుటవలన ఇట్టి గుణ మలవడుట నే నంతగా చూడలేదు.

అయితే ఈ నిష్ఠయందే యొక చిక్కు కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనముతో ఆంగ్లేయుల 110వ దళమునకు డి.హెచ్.9ఏ విమానములు సమకూడినవి. దళమునకు హైదరాబాదు పేరు వచ్చినది. అవి నిజాము కానుకయని ప్రతి విమానముపైనను వ్రాయించిరి. 1918లో అవి ఫ్రాన్సునుండి పోయి జర్మనీ నగరములపై బాంబులు వేసినవి. 1940 నాటి బ్రిటన్ గగనయుద్ధములో స్పిట్‌ఫైర్లతో పోరిన 152వ దళమును హైదరాబాదు పేరిటిదే. దాని చిహ్నము నిజాము తలపాగా.

ఇప్పుడు డి.హెచ్.9ఏ నమూనా కట్టువాడు ఆ వ్రాతను ఏమి చేయవలెను? విడిచినచో నమూనా అసత్యమగును. వ్రాసినచో ఆ వాక్యమును తానును పలికినవాడగును. నిజాము రాజ్యపు రాబడిలో భూమిశిస్తు ముఖ్యము. మా నల్లరేగడి నేలలును నాడు ఆ రాజ్యములోనివే. 1918లో దక్కనున వానలు తప్పినవి, ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను తుడిచిపెట్టినది. అట్టి యేట కానుక యెవరిదను ప్రశ్న రాకమానదు. బ్రిటిషువారి దాక్షిణ్యము లేక నిజాము నిలువగలిగెడివాడు కాడనియు, కప్పము వంటిదే ఆ కానుకయనియు వాదించువారున్నారు. కావచ్చును. కప్పమైనను చెల్లించినది రైతే గదా!

వ్రాతను ఉన్నదున్నట్లు వ్రాయవలెననియే నా మతము. కాలము పలికిన మాటను దిద్దుటకు శిల్పికి అధికారములేదు. కాని విమానము నిలుపు పీఠము కాలముది కాదు, కట్టినవానిది. అచ్చట తనమాట వ్రాయుటకు వానికి హక్కు కలదు. నే నెఱిగిన విద్యార్థి యొకడు ఆ పీఠముపై శిస్తు కట్టిన రైతులను, బాంబుల క్రింద నున్నవారిని గూర్చి రెండు పంక్తులు తెలుగున వ్రాసెను. అక్షరములు విమానముకంటె ముందుగా కంటబడుచున్నవని తోడివారు ఆక్షేపించిరి. వాడు వానిని చెఱపలేదు, చిన్నవిగా తిరిగి వ్రాసెను.